రోమన్ రీన్స్ చెయ్యి కావాలంట

విజయనగరంలో నాది చిన్న టాటూ షాపు. పైడితల్లి సిరిమాను పండగప్పుడు పేర్లు, ఆంజనేయస్వామి బొమ్మలు వేసీ వేసీ వేళ్లు పట్టేస్తాయి. మిగతా ఏడాదంతా టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలు చూసే కుర్రాళ్లదే. ఫోన్ ముందు పెట్టి, "అన్నా, రోమన్ రీన్స్ చెయ్యి ఇలాగే దించెయ్, ఎంతవుద్ది?" అంటారు. ఆ కుస్తీవీరుడి చెయ్యి మీది టాటూ కావాలన్నమాట.

దించనంటాను. మొన్న చింతపల్లి నుంచి వచ్చిన కుర్రాడు ఊరుకోలేదు. "డబ్బులిస్తన్నాను కదా, ఏటన్నా?" అని కూర్చున్నాడు.

రోమన్ రీన్స్‌ది పసిఫిక్ దీవి సమోవా రక్తం, ఆ గీతలు ఆళ్ల ఇంటివి అని మొదలెట్టాను. సమోవాలో మగవాళ్లు నడుం నుంచి మోకాళ్ల దాకా పొడిపించుకునేదాన్ని 'పెఆ' అంటారు. పంది కోరని పళ్లు వచ్చేలా చెక్కి, పిడికి కట్టి, ఇంకో కర్రతో తడుతూ పొడుస్తారు. పక్కన మనుషులు కూర్చుని చర్మం లాగి పట్టుకుంటారు. రోజుల తరబడి సాగుతుంది. తాళలేక మధ్యలో లేచిపోతే ఆ సగం బొమ్మ బతికినన్నాళ్లూ సిగ్గే, ఇంటి పరువు కూడా పోయినట్టే. పూర్తయితే కుటుంబానికీ పెద్దలకీ సేవ చేసే మనిషని లెక్క. నా దగ్గరేమో మత్తు క్రీము రాయందే ఒక్కడూ చెయ్యి చాపడు!

న్యూజిలాండ్ మూలవాసులు మావోరీలు వంశమంతా మొహం మీది పచ్చబొట్టులోనే మోస్తారు. 1840లో బ్రిటిష్ వాళ్లతో చేసుకున్న వైతాంగి ఒప్పందం మీద కొందరు పెద్దలు సంతకానికి బదులు తమ మొహం మీది గీతలే గీశారు. 2020లో విదేశాంగ మంత్రి అయిన ననాయా మహుతా గడ్డం మీద కూడా ఆ పచ్చబొట్టు ఉంది. అలాంటిది దించడమంటే పెళ్లి పీటల మీద పక్కింటోళ్ల గోత్రం చెప్పుకున్నట్టు. బయటివాళ్లకి వంశం కలపకుండా వేసేదాన్ని వాళ్లే 'కిరితుహి' అని వేరు చేశారు. నాకు నచ్చిన పద్ధతి అది.

మా మామ్మకి గడ్డం మీద చుక్కలు, మోచేతి మీద తేలు ఉండేవి. నగలు ఒలిచేసుకున్నా ఇదొక్కటీ తనతో వస్తుందనేది. ఆ తేలు ఇప్పటిదాకా ఒక్కడూ అడగలేదు, అదీ నా బాధ.

"మీ నాన్నేం చేస్తాడ్రా?" అన్నాను. సముద్రం మీద చేపల వేటకెళ్తాడంట. కాగితం మీద తెప్ప, వల కన్నులు, అలలు, ఓ కోనాం చేప గీసి చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. భుజం నుంచి మణికట్టు దాకా రావాల్సిందేనని షరతు పెట్టాడు. సరే అన్నాను. రెండు సిట్టింగులు పడుతుంది, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.