గొడుగు టీచర్ సుద్దముక్క

మన బడి పాత విద్యార్థుల సావనీరు కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "లాయరమ్మవి, నీకు రాయడం ఎంతసేపే! రెండు పేజీలు చాలు" అంది ముత్యాలంపాడు (ఎవరి ఊరు, పేట పేరుతో వాళ్లని పిలుచుకోవడమే కదా మన అలవాటు). అది అడిగితే కాదనగలిగినవాళ్లు మన 1984 బ్యాచిలో ఎవరున్నారు? అందుకే కూర్చున్నాను. బెల్లు పోయిన రోజు గురించీ, డ్రిల్లు మేడం విజిల్ గురించీ నేను రాయను. అవి మీలో పదిమంది ఎలాగూ రాస్తారు. నేను గొడుగు టీచర్ గారి గురించి రాస్తాను.

బడి వెనక పట్టాల మీద రైలు వెళ్తుంటే టీచర్ గారు పాఠం ఆపేసేవారు, గుర్తుందా? చివరి పెట్టె దాటాక, ఎక్కడ ఆపారో ఆ సగం మాట దగ్గరే అందుకునేవారు. పద్యమైతే ఆ అక్షరం దగ్గరే. ఇప్పుడు ఆ పట్టాలు లేవు, బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. సత్యనారాయణపురం వెళ్లినప్పుడల్లా నేను మాత్రం ఆ రోడ్డు దగ్గర మాట్లాడుతున్నది ఆపేస్తాను. పక్కనున్నవాళ్లు ఏమిటని అడుగుతారు. ఎలా చెప్పను?

మనం తొమ్మిదిలో ఉన్నప్పటి సంగతి. 1983 జనవరిలో ఎన్నికలయ్యాయి, రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. బెజవాడంతా వాదనలే. మా ఇంట్లో నాన్నా బాబాయీ ఎంగిలి చేతులతో కంచాల ముందు నుంచి లేచిపోయిన రోజులున్నాయి. నాకూ వాదన అంటే ప్రాణం. వక్తృత్వం పోటీల్లో తెచ్చుకున్న కప్పులు ఇంట్లో అద్దాల బీరువాలో ఉండేవి. ఎదుటివాళ్లు మాట కోసం తడుముకుంటుంటే నాకు ఒళ్లంతా వెలిగినట్టుండేది. ఆ సంతోషం మంచిది కాదని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పటమటకీ నాకూ పడింది దేవుడి దగ్గర. వాళ్ల నాన్నగారు బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రానికి వెళ్లేవారు. దాన్ని స్థాపించిన గోరా గారు అప్పటికి ఏడెనిమిదేళ్ల కిందటే పోయినా అక్కడ కార్యక్రమాలు జరుగుతూనే ఉండేవి. నిప్పుల మీద నడవడానికి ఏ మహిమా అక్కర్లేదని అక్కడివాళ్లు నడిచి చూపిస్తారని పటమట చెప్పింది. దుర్గమ్మ కొండ కింద పుట్టి పెరిగినదాన్ని, నేను ఊరుకుంటానా? మధ్యాహ్నం మొదలైంది సాయంత్రానికి క్లాసు రెండు ముక్కలయింది. వారం తిరిగేసరికి అన్నాల గంటలో ఈ వైపు క్యారేజీలు ఈ వైపే, ఆ వైపువి ఆ వైపే. గుణదల ఒక్కతే మధ్యలో కూర్చుని రెండు వైపులా ఆవకాయ పంచింది.

టీచర్ గారు తిట్టలేదు. బోర్డు మీద మూడు మాటలు రాశారు: వాదం, జల్పం, వితండం. మన న్యాయశాస్త్రంలో ఇద్దరు మాట్లాడుకోవడం ఈ మూడు రకాలన్నారు. నిజం తెలుసుకోవడానికి మాట్లాడితే వాదం. గెలవడానికి మాట్లాడితే జల్పం. తనకంటూ నిలబెట్టే మాట ఏదీ లేకుండా ఎదుటివాళ్ల మాట పడగొట్టడమొక్కటే పనిగా పెట్టుకుంటే వితండం. "మీది ఏది?" అని అడిగారు. ఇద్దరమూ మొదటిది అన్నాం.

"సరే అయితే. పాతకాలపు పండితులు తమ సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షం చెప్పేవారు, అంటే ఎదుటివాళ్ల మాట. నువ్వు పటమట మాట చెప్పు" అని సుద్దముక్క తీసి దాని చేతిలో పెట్టారు. నేను చెప్పింది విని "అవును, నేననేది అదే" అనిపిస్తే అది సుద్దముక్క నా చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే నాకు జవాబు చెప్పే హక్కు.

నాకు నవ్వొచ్చింది. ఇంతేనా అనుకున్నాను. "నువ్వనేది దేవుడు లేడు, కాబట్టి ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఉండొచ్చని" అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. ఇంకోరకంగా చెప్పాను. కాదంది. ఆ పీరియడ్ అయిపోయింది, మర్నాటిదీ అయిపోయింది. సుద్దముక్క దాని గుప్పిట్లో చెమటకి తడిసిపోయింది గాని నా చేతికి రాలేదు. ఎన్ని కప్పులు తెచ్చుకున్నానో! నా ఎదురుగా కూర్చున్న పిల్ల ఏమంటోందో చెప్పడం నాకు చేతకాలేదు.

మూడోరోజు టీచర్ గారు పాఠం పక్కన పెట్టి గోరా గారి సంగతే చెప్పారు. ఆయన సేవాగ్రామం వెళ్లి గాంధీగారితో తన నాస్తికత్వం గురించి మాట్లాడారట. రామనామం వదలని మనిషికీ దేవుణ్ణే వదిలేసిన మనిషికీ స్నేహం కుదిరింది. గోరా గారి అమ్మాయి పెళ్లి ఆశ్రమంలో చేయడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన పోయాక 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే జరిగింది. "ఇద్దరిలో ఎవరు గెలిచారు టీచర్?" అని మైలవరం అడిగింది. టీచర్ గారు జవాబివ్వలేదు. రైలొచ్చింది.

ఆ శనివారం నేను పటమట ఇంటికి వెళ్లాను. ఎందుకెళ్లానో ఇంట్లో చెప్పలేదు. వాళ్ల తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి అప్పుడే లేచాడు. వాళ్లమ్మగారు ఇన్‌ల్యాండ్ కవరు ముందేసుకుని ఆస్పత్రి నర్సుకి ఉత్తరం రాస్తున్నారు, రాత్రిళ్లు మేలుకుని పిల్లాణ్ణి చూసినందుకు. మా ఇంట్లో అయితే మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లం. ఆ నర్సు పేరు కూడా ఎవరికీ గుర్తుండేది కాదు.

సోమవారం నిలబడి చెప్పాను. "నువ్వనేది దేవుడు లేడని ఒక్కటే కాదు. మంచైనా చెడైనా చేసిన మనిషిని చూడమంటున్నావు. అంతా పైవాడి మీద వేస్తే, మంచి చేసినవాళ్లకి దణ్ణం పెట్టేవాళ్లుండరు, చెడు చేసినవాళ్లని అడిగేవాళ్లుండరు అంటున్నావు." పటమట ఏమీ అనలేదు. లేచి వచ్చి సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

ఇక నా జవాబు. టీచర్ గారు "ఆగు, ఇప్పుడు నీ పూర్వపక్షం అది చెప్పాలి" అన్నారు. పటమట ఒక్కసారే చెప్పింది. నాకు తెలియకుండా ఆ ఆదివారం అది మా నాయనమ్మతో కొండకి వెళ్లిందట! మెట్ల పూజకి పసుపు కుంకాల పళ్లెం పట్టుకుని వెంట నడిచిందట. "వాళ్ల నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. అయినా మెట్టుమెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెట్టింది. అమ్మవారు ఉందని నిరూపించమంటే ఆవిడ నిరూపించలేదు, ఆవిడకి ఆ అవసరమూ లేదు. తాతగారు పోయిన ఏడు ఆవిడ మళ్లీ మనిషయింది ఆ మెట్ల మీదే. ఆ మెట్లు తీసేస్తే ఆవిడకి బదులు ఏమిస్తావని ఇది నన్ను అడుగుతోంది."

నేను అది ఎప్పుడూ అడగలేదు. అడగాలనుకున్నది అదేనని అప్పటిదాకా నాకే తెలియదు. సుద్దముక్క దానికి ఇచ్చేశాను. నా జవాబు ఇవాళ్టికీ మిగిలే ఉంది. మర్నాడు క్యారేజీలన్నీ కలిసిపోయాయి.

పది, ఇంటరు, డిగ్రీ, లా, పెళ్లి, అవన్నీ వదిలేస్తున్నాను. ప్రాక్టీసులో పడ్డాక ఇదంతా మర్చిపోయాను. కోర్టులో గెలవడమే పని, నిజానికి బాగానే గెలిచాను. అయితే ఆ నల్లకోటు ఇంటికొచ్చాక కూడా విప్పలేదు. అమ్మ పోయాక ఇంటి వాటా దగ్గర అన్నయ్యతో ఆరేళ్లు మాటల్లేవు. నా దగ్గర కాగితాలున్నాయి, సెక్షన్లున్నాయి. రాత్రి మంచమెక్కాక కూడా వాడితో మనసులో వాదిస్తూనే ఉండేదాన్ని. ప్రతిరాత్రీ నేనే గెలిచేదాన్ని, ప్రతిరాత్రీ నిద్ర ఉండేది కాదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ 2002లో అమల్లోకి వచ్చింది. కోర్టే కేసును రాజీకీ, మీడియేషన్‌కీ, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికీ, పంపొచ్చు. తర్వాత కొన్నేళ్లకి నన్ను 40 గంటల మీడియేటర్ శిక్షణకి పంపారు. అయిష్టంగానే వెళ్లాను. రెండోరోజు పాఠం చెప్పేవారు అన్నారు: "కక్షిదారు చెప్పింది విని, మీ మాటల్లో తిరిగి చెప్పండి. సరిగ్గా చెప్పానా అని అడగండి. అవునన్నాకే ముందుకు వెళ్లండి." నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి బల్ల మీద అరచెయ్యి పైకి తెరుచుకుంది, ఎవరో అందులో ఏదో పెడతారన్నట్టు.

ఆ రాత్రే అన్నయ్యకి ఫోన్ చేశాను. "నువ్వనేది ఇంటి గురించి కాదు. అమ్మని చివరి మూడేళ్లు కనిపెట్టుకుని ఉన్నది నువ్వు, ఆ సంగతి నేను ఒక్కసారి కూడా అనలేదని. అంతేనా?" చాలాసేపు అవతల నుంచి చప్పుడు లేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అన్నాడు. వాటాల లెక్క ఇంకా మిగిలే ఉంది. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టింది.

ఇప్పుడు నాకు మీడియేషనే ఎక్కువ పని. 2023లో దానికంటూ ఒక చట్టమే వచ్చింది. ఆ గదిలో విన్నది జడ్జిగారికి కూడా చెప్పకూడదు, కాబట్టి ఏ కేసూ ఇక్కడ రాయను. రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది. ఆ కాగితం తీసుకుని ఇద్దరూ ఒకే ఆటో ఎక్కడం నేను కిటికీలోంచి చూశాను, ఒకసారి కాదు. ఈమధ్య కొత్తవాళ్లకి నేనే శిక్షణ ఇస్తున్నాను. మొదటిరోజు సంచీలోంచి సుద్దముక్క తీసి బల్ల మీద పెడతాను. తెల్లబోర్డుల కాలంలో ఇదేమిటని వింతగా చూస్తారు. అప్పుడు మన టీచర్ గారి గురించి చెబుతాను.

మా అమ్మాయి పంతులు లేకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకుంటానంది. పాతరోజుల్లో అయితే ఆ ఇంట్లో ఏం జరిగేదో మీకు తెలుసు. దాని పూర్వపక్షం రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి "అవునమ్మా, అదే" అంది. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు. ఆ నెలలోనే నేను దాని పేరున మెట్ల పూజ చేసుకున్నాను. నమ్మకం లేని పిల్ల, పళ్లెం పట్టుకుని కొండ మీదదాకా నాతో నడిచింది. సగం మెట్ల దగ్గర నాకు పటమట గుర్తొచ్చి కళ్లు తుడుచుకోవడానికి ఆగాను. మోకాళ్లు నొప్పా అని అడిగింది. అవునన్నాను.

పటమటా, నువ్వు వస్తున్నావని ముత్యాలంపాడు చెప్పింది. మన విషయం ఇంకా తేలలేదు. నీకు నలభై ఏళ్ల జవాబు బాకీ ఉన్నాను, అయితే ముందు నీ మాట మళ్లీ ఒకసారి చెప్పి సరిచూసుకోవాలి. ఈ మధ్యలో అది మారి ఉండొచ్చు. నాదీ కొంత మారింది. సుద్దముక్క నేను తెస్తాను.