నాలుగో మూల

ఈరోజు ఆదివారం. ఉల్లిపాయలు కూడా సమంగా తరగలేనని ఇంట్లో పేరున్న నేను, టిఫిన్ అవగానే రంపం పట్టుకుని డాబా ఎక్కాను. అమ్మ మెట్ల మీదకి వచ్చి "ఏటే ఆ మోత, పక్కింటోళ్ళు లెగుస్తారు" అని ఒకసారి అరిచి వెళ్ళిపోయింది.

సంగతేంటంటే, అమ్మా నాన్నా కంచరపాలెం పాత ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటుంది. ఆమధ్య దాన్ని ఒక షాపులో ఇచ్చి ఫ్రేము కట్టించాం. వాళ్ళు మధ్యలో మౌంటు బోర్డు (ఫొటో అద్దానికి తగలకుండా ఎడం ఉంచే మందపాటి అట్ట) పెట్టకుండా ఫొటోని నేరుగా అద్దానికి ఆనించి బిగించేశారు. మన వైజాగ్ ఉప్పుగాలి, వానాకాలం చెమ్మ కలిసి రెండేళ్ళలో ఫొటో అద్దానికి అతుక్కుపోయింది, తీయబోతే నాన్న భుజం దగ్గర రంగు ఊడొచ్చింది. నెగెటివ్ ఉంది కాబట్టి బతికిపోయాం. మళ్ళీ ప్రింటు తీయించి, ఈసారి ఫ్రేము నేనే చేస్తానని నోరు జారాను.

కర్ర కొనే పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు (అదీ ఆదివారమే) మా హాల్లో కిటికీ రెక్క ఒకటి బందులతో సహా ఊడి పెరట్లో పడింది, పెరట్లో బాదం చెట్టు దానికంటే ముందే పడింది. ఆ రెక్కని నాన్న పారేయనివ్వలేదు. టేకు కదా అన్నారు. ఇల్లు మారినప్పుడు కూడా అది మాతోనే వచ్చి అటకెక్కింది. చెక్క అన్నేళ్ళు ఆరి ఉంది కాబట్టి ఇక అంత తేలిగ్గా వంకర పోదు, ఫ్రేముకి అంతకన్నా ఏం కావాలి.

రెక్క నిలువు బద్దలు రెండూ తీసి, నిన్న వడ్రంగి షాపులో మిషన్ మీద అంగుళంన్నర వెడల్పుకి చీరించి, అద్దం కూర్చునే గాడి కూడా అక్కడే కొట్టించాను. అద్దం 12 అంగుళాలకి 16. గాడికి రెండు నూళ్ళు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పోతే ఒక్కో వైపు అంగుళంపావు బయటికి వస్తుంది, అంటే బయటి కొలత 14న్నరకి 18న్నర, అద్దం బిగుసుకోకుండా ఇంకో నూలు వదులు. ఈ లెక్క కాగితం మీద మూడుసార్లు వేస్తే రెండుసార్లు తప్పొచ్చింది. షాపులో పెద్దాయన మాత్రం కాగితం ముట్టుకోకుండా వేలితో బద్ద మీద కొలిచి చెప్పేశాడు. వెళ్ళేటప్పుడు "ఎదురెదురు బద్దలు జంటగా కలిపి పట్టుకుని చూడమ్మా, వెంట్రుకంత తేడా ఉన్నా మూల కలవదు" అన్నాడు.

ఆ మాట విన్నాను, పాటించాను కూడా, అయినా నాలుగో మూల కలవలేదు! మూడు మూలలు చక్కగా కూర్చున్నాయి, నాలుగోది మాత్రం బల్లి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఎందుకో తెలియడానికి అరగంట పట్టింది. నాలుగు మూలలకి ఎనిమిది కోతలు. ఒక్కో కోత ఉండాల్సిన 45 డిగ్రీల వాలుకి అర డిగ్రీ తక్కువ పడితే ఎనిమిదింటికీ కలిపి నాలుగు డిగ్రీలు, ఆ మొత్తం దాక్కోడానికి చోటు లేక చివరి మూలకొచ్చి తేలుతుంది. నా మైటర్ బాక్సు (రంపం వాలుగా కోసేలా గాడులున్న పెట్టె) ప్లాస్టిక్‌ది, గాడిలో రంపం అటూ ఇటూ ఊగుతుంది. గరుకు కాగితాన్ని గచ్చు మీద పరిచి, చివర్లని కొంచెం కొంచెం రుద్దుకుంటూ, మూలమట్టం పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. పన్నెండైంది, డాబా కాలిపోతోంది, చెమటకి పెన్సిల్ గీతలన్నీ చెరిగిపోయాయి.

టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అందుకని థిన్నర్‌తో చివర్లు తుడిచి, ఫెవికాల్ ఒక పలచని పూత పూసి, చెక్క పీల్చుకున్నాక ఇంకో పూత. బిగించడానికి క్లాంపులు లేవు, పురికొస నాలుగు వైపులా చుట్టి, మధ్యలో చిన్నాడి పెన్సిల్ దూర్చి మెలితిప్పాను. మూలకీ మూలకీ టేపు పెట్టి కొలిచాను, రెండు కర్ణాలూ సమానంగానే వచ్చాయి. నాలుగో మూలలో గోరంత సందు మిగిలింది, దాంట్లో టేకు పొట్టు ఫెవికాల్‌లో కలిపి కూరాను. పక్క బద్దలో పాత బందు స్క్రూ చిల్లు ఒకటి ఉంది, దాన్ని మాత్రం పూడ్చలేదు, ఉండనీ అనిపించింది.

సాయంత్రం ఆరిపోయాక అద్దం, మౌంటు, ఫొటో, వెనక ప్లైవుడ్ ముక్క పెట్టి ఎనిమిది చిన్న మేకులు కొట్టి, వెనక అంచులన్నీ టేపుతో మూసేశాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఫొటోలో నాన్న వెనక కిటికీ రెక్క తెరిచి ఉంది, దాని మీద వేలు పెట్టి, తర్వాత అదే వేలు ఫ్రేము మీద పెట్టింది. ఏమీ అనలేదు. నాలుగో మూల వంక చూడనే లేదు, నేనేమో దాన్ని బొటనవేలితో కప్పి పట్టుకునే ఉన్నాను.

తర్వాత దగ్గరికి వంగి, "అద్దం లోపల ఆ తెల్ల వెంట్రుక ఎవరిదే, నాదేనా?" అంది.

రేపు ఆ మేకులు ఎనిమిదీ పీకాలి.