నికీ హాప్‌కిన్స్ పియానో

మన పాఠశాలలో సంగీతం నేర్చుకున్నవారిలో ఎక్కువమంది గాత్రం వైపో గిటారు వైపో వెళ్లారు. పియానో ముందు కూర్చున్న కొద్దిమందికి మా మాస్టారు ఒక మంచి అలవాటు చేశారు. రికార్డు పెట్టి, పాడేవారి గొంతును కాసేపు పక్కనపెట్టి వెనుక మోగే ఒక్క వాద్యాన్నే పాట చివరిదాకా వినమనేవారు. అలా వినడం అలవాటయ్యాకే, రికార్డుల ద్వారా నాకు ఇంగ్లండ్ పియానో వాద్యకారుడు నికీ హాప్‌కిన్స్ పరిచయమయ్యారు. ఆయన వాయించిన పాటలు మనలో చాలామంది వినే ఉంటారు గానీ ఆయన పేరు మాత్రం ఎరగరు. ఈ సంచికకు రాయమని అడిగినప్పుడు ఆయన గురించే రాయాలనుకున్నాను.

హాప్‌కిన్స్ 1944 ఫిబ్రవరి 24న లండన్ పశ్చిమ శివారైన పెరివేల్‌లో జన్మించారు. రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్కాలర్‌షిప్‌తో శాస్త్రీయ పియానో నేర్చుకుని, పదహారేళ్లకే ఆ చదువు విడిచి రాక్ అండ్ రోల్ బృందంలో చేరారు. 1963లో పేగులకు సంబంధించిన తీవ్రమైన జబ్బు చేసి ఏడాదిన్నరకు పైగా ఆసుపత్రిలోనే గడిపారు. పేగులు వాచే క్రోన్స్ వ్యాధి ఆయనను జీవితాంతం వేధించింది. ఊరూరా తిరిగే కచేరీల బతుకును ఆ శరీరం తట్టుకునే స్థితిలో లేదు కనుక ఆయన స్టూడియోలో కూర్చుని ఇతరుల పాటలకు వాయించే పనిని ఎంచుకున్నారు. కింక్స్, ది హూ, రోలింగ్ స్టోన్స్, బీటిల్స్ ఈ నాలుగు బృందాల రికార్డుల్లోనూ ఆయన చేయి ఉండడానికి మూలం అదే.

1966లో కింక్స్ బృందం ‘సెషన్ మ్యాన్’ అనే పాట విడుదల చేసింది. డబ్బులిస్తే ఏదైనా వాయించి, ఆలోచన తన పని కాదనుకుని ఇంటికి వెళ్లిపోయే వాద్యకారుడి చిత్రం అది. దాని ఆరంభంలో వినిపించే హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం మెట్ల వాద్యం) హాప్‌కిన్స్‌దే. పాట నాకు ఇష్టమే అయినా అందులోని బొమ్మ ఆయనకు ఏమాత్రం సరిపోదని నా దృఢమైన అభిప్రాయం. ఎందుకంటే ఆయన వాయించిన ప్రతిచోటా ఆలోచన స్పష్టంగా వినిపిస్తుంది.

రోలింగ్ స్టోన్స్ 1967లో చేసిన ‘షీ ఈజ్ ఎ రెయిన్‌బో’ వినండి. చరణాల మధ్య తిరిగి తిరిగి వచ్చే ఆ పియానో స్వరమాలను తీసేస్తే పాటకు ముఖమే ఉండదు. మరుసటి ఏడాది వచ్చిన ‘సింపతీ ఫర్ ది డెవిల్’ ఇంకా గొప్ప పాఠం. నెమ్మదిగా మొదలైన ఆ పాట స్టూడియోలో రోజుల తరబడి రూపు మార్చుకుంటూ బ్రెజిల్ నృత్య లయ అయిన సాంబా నడకకు చేరిన తీరును ఫ్రెంచి దర్శకుడు గొదార్ చిత్రీకరించారు కూడా. పూర్తయిన రికార్డులో నడుమ సోలో వచ్చేదాకా గిటారు ముందుకు రాదు. చర్మవాద్యాల మీద పాటను మోసేవి బేస్, పియానో మాత్రమే. మొదటి చరణంలో హాప్‌కిన్స్ పొదుపుగా, ఒక్కొక్క కార్డ్‌ను (కలిపి మోగే స్వరాల గుంపును) నిలబెడుతూ వాయిస్తారు. చరణం మారినకొద్దీ అదే చేయి మద్దెల దెబ్బలా పదునెక్కుతుంది. వేగం పెరగకుండానే పాట వేడెక్కుతున్నట్టు మనకు అనిపించడానికి ముఖ్య కారణం ఆ పెరుగుదలే.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది జాన్ లెనన్ 1971లో పాడిన ‘జెలస్ గై’. ఇక్కడ పియానో గాయకుడి మాటల కింద మెత్తగా పరుచుకుని, ఊపిరి తీసుకున్న చోటల్లా రెండు మూడు స్వరాలతో బదులిచ్చి వెనక్కి తగ్గుతుంది. మన కచేరీల్లో మంచి పక్కవాద్యం చేసే పనే ఇది: పాడేవారి భావాన్ని అందుకోవాలి, దానికి తనది కొంత చేర్చాలి, మళ్లీ చోటివ్వాలి. జో కాకర్ 1974లో పాడిన ‘యూ ఆర్ సో బ్యూటిఫుల్’లోనూ పియానో హాప్‌కిన్స్‌దే. చివరి స్వరం దగ్గర కాకర్ గొంతు పలచబడి వణికే ఆ క్షణం అంత బలంగా తాకడానికి అంతసేపూ తొందరపడకుండా నడిచిన ఆ పియానోకూ భాగముంది.

ఇంత చేసినా వాద్యకారుడికి దక్కేది సాధారణంగా ఆ పూట వాయించిన రుసుము మాత్రమే. పాట ఎంత అమ్ముడుపోయినా రాయల్టీలో వాటా ఉండదు. బీటిల్స్ ‘రివల్యూషన్’ సింగిల్‌లో బొంగురు గిటార్లను చీల్చుకుని వచ్చే ఎలక్ట్రిక్ పియానో ఆయనదని కొన్నవారిలో ఎందరికి తెలుసు? కచేరీ కరపత్రం మీద పక్కవాద్యకారుల పేర్లు గాయకుడి పేరు కిందే అచ్చవడం చూస్తూ పెరిగిన నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

ఆయన 1994 సెప్టెంబరు 6న నాష్‌విల్‌లో, యాభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2025లో సంగీత ప్రతిభా విభాగంలో ఆయనను చేర్చుకుంది. ఆలస్యమే అయినా ఆ వార్త చదివి నేను ఎంతో సంతోషించాను.

ఇప్పుడు మన పాఠశాలలో పియానో నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మనవి. ‘జెలస్ గై’తో మొదలుపెట్టండి, పాడే మిత్రుడొకరిని పక్కన కూర్చోబెట్టుకుని వాయించండి. అది చేతికి వచ్చాక, క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్ బృందంలో ఉండగా హాప్‌కిన్స్ స్వయంగా కూర్చి 1969లో రికార్డు చేసిన ‘ఎడ్వర్డ్, ది మ్యాడ్ షర్ట్ గ్రైండర్’ వినండి. తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ఆ రచనలో గాయకుడు లేడు. అంతసేపూ ముందు నిలిచేది ఆయన పియానోయే.