మెడ మీద గడ్డ, మామిడిపళ్ళ మీద నింద

పోయిన మే నెలలో మెడ వెనకాల, సరిగ్గా కాలర్ రాసుకునే చోట, శనగ గింజంత పొక్కు ఒకటి లేచింది. నేను పట్టించుకోలేదు గానీ మా ఆవిడ చూడగానే తీర్పు ఇచ్చేసింది, రోజుకి నాలుగేసి రసాలు జుర్రుకుంటే సెగ్గడ్డలు లేవక ఏం లేస్తాయి అని. తణుకు ఫోన్ చేస్తే అమ్మదీ అదే మాట. "ఒళ్ళు వేడి చేసిందిరా, మజ్జిగ ఎక్కువ తాగు, రాత్రి పడుకునేముందు సున్నం బెల్లం నూరి పట్టు వెయ్యి, అదే మెత్తబడి పగులుద్ది."

మా ఇంట్లో సెగ్గడ్డ అంటే జబ్బు కాదు, ఎండాకాలం చుట్టం. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ ఎవరో ఒకరికి నుదుటి మీదో తొడ మీదో లేచేది, నానమ్మ ఉమ్మెత్తాకుకి ఆముదం రాసి దీపం సెగన వెచ్చబెట్టి గడ్డ మీద వేసి గుడ్డ కట్టేది. గడ్డ పండాలి, చీము కారాలి, చివర్న ఆణి ఊడి రావాలి, ఆణి వచ్చేస్తే ఇక తగ్గినట్టే. అందులో సగం కరెక్టే అని ఇప్పుడు తెలిసింది. ఆకు సంగతేమో గానీ ఆ వెచ్చదనం మాత్రం నిజంగా పనిచేస్తుంది, చిన్న గడ్డకి రోజుకి మూడు నాలుగుసార్లు గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడితే చాలాసార్లు అదే పండి కారిపోతుంది. సున్నం మాత్రం వద్దు, చర్మం కాలుతుంది, నాకు కాలింది.

నాలుగో రోజుకి నిమ్మకాయంత అయింది. మెడ తిప్పలేను, దిండు మీద తల ఆనించలేను, రాత్రంతా ఒకటే సలుపు. అప్పుడు చెయ్యకూడని పని చేశాను, బాత్రూం అద్దం ముందు రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కేశా. కాస్త చీము వచ్చింది, హమ్మయ్య అనుకున్నా, పొద్దున్నకి చలి జ్వరం. నొక్కితే చీము బయటికే రావాలని రూలేం లేదు, లోపలికి కూడా పోతుంది. ముక్కు పక్కనా పై పెదవి మీదా వచ్చిన గడ్డల్ని అయితే అస్సలు ముట్టుకోకూడదట, అక్కడి రక్తనాళాలకి మెదడు దగ్గరి నాళాలతో లింకు ఉంటుంది.

వీధి చివర ఆర్ఎంపీ గారి దగ్గర రెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నా, తగ్గలేదు. చివరికి సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన గడ్డ కేసి ఒక్క చూపు చూసి అడిగిన మొదటి ప్రశ్న "షుగర్ ఉందా?" లేదండీ అన్నాను. "ఎప్పుడు చూపించుకున్నారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అక్కడే వేలు గుచ్చి చూస్తే 318.

ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు షుగర్ ఎలాగూ కొంచెం పెరుగుతుంది కదా, దాని వల్లేమో అని నేనూ నెట్‌లో చదివిన తెలివి చూపించాను. ఆయన నవ్వి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రాశాడు, అది 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ కిందే లెక్క, నాది 10.4. అంటే ఎప్పటినుంచో ఉంది, నాకే తెలీదు.

ఇక గడ్డ సంగతి. నాది మామూలు సెగ్గడ్డ కాదు, కార్బంకుల్. సెగ్గడ్డ అంటే ఒక వెంట్రుక కుదురు చీము పట్టడం, కార్బంకుల్ అంటే పక్కపక్కన ఉన్న కుదుళ్ళన్నీ లోపల్లోపల కలిసిపోయి పైన జల్లెడలా నాలుగైదు చిల్లులు పడి ప్రతి చిల్లులోంచీ కారడం. షుగర్ ఉన్నవాళ్ళకి మెడ వెనకా వీపు మీదా ఎక్కువ వస్తుందట. మా నానమ్మ రాచపుండు అనేది దీన్నే అనుకుంటా, ఆ మాట ఇప్పుడు జనం క్యాన్సర్‌కి వాడుతున్నారు.

చేసేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. ఇది ఎక్కడో మురిక్కాలవలో ఉండదు, మన ముక్కులోనే కాపురం, దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ గొడవా చెయ్యకుండా ఉంటుంది. చెమట, కాలర్ రాపిడి, మంగలి షాపులో మెడ మీద కత్తితో గీకించుకున్న గీతలు, ఇలా ఎక్కడ చిన్న సందు దొరికితే అక్కడ దూరుతుంది. దాన్ని చంపడానికి వచ్చిన తెల్లకణాలు అక్కడే చచ్చి పోగుపడితే అదే చీము. షుగర్ ఎక్కువున్న ఒంట్లో ఆ తెల్లకణాలు బద్ధకంగా కదుల్తాయి, అందుకే మామూలు వాళ్ళకి వారంలో పోయే గడ్డ నాకు నిమ్మకాయైంది. మామిడిపళ్ళ సంగతి అడిగితే సర్జన్ "పాపం వాటికి గడ్డతో సంబంధం లేదు, మీ 318తో మాత్రం ఉంది" అన్నాడు.

చీము చేరిన గడ్డకి అసలు మందు కోసి కార్చెయ్యడమే. చీము మధ్యలోకి యాంటీబయాటిక్ సరిగ్గా చేరదు, నా ఇంజెక్షన్లు పనిచెయ్యకపోవడానికి అదొక కారణం. మత్తింజెక్షన్ కూడా చీమున్న చోట సరిగ్గా పట్టదు, ఈ ముక్క నాకు ముందు ఎవరూ చెప్పలేదు, బల్ల అంచు పట్టుకుని మా ఇలవేల్పులందరినీ పిలిచాను. కోశాక కుట్లు వెయ్యరు, మూస్తే లోపల మళ్ళీ చీము చేరుతుంది, అందుకని ఆ గుంటలో గాజుగుడ్డ కుక్కి అడుగునుంచి కండ పూడుకుంటూ వచ్చేదాకా రోజూ మారుస్తారు. నాకు పంతొమ్మిది రోజులు పట్టింది. డ్రెస్సింగ్ చేసే సిస్టరమ్మ రోజూ గుడ్డ లాగే ముందు "అన్నా, ఏ ఊరు మీది?" అని అడిగేది, నేను తణుకు అనేలోపు లాగేసేది.

కోసిన రోజే చీముని కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిమి ఉందో అది ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి పంపారు. మూడు రోజుల తర్వాత రిపోర్ట్ వస్తే నేను వాడుతున్న బిళ్ళకి ఆ బాక్టీరియా లొంగదని తేలింది, మందు మార్చారు. మంచం మీద బోర్లా పడుకుని ఈ క్రిమి చరిత్రంతా చదివేశాను. 1880లో స్కాట్లాండ్ అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోని చీముని మైక్రోస్కోప్ కింద చూసి ద్రాక్షగుత్తుల్లా ఉన్న వీటిని కనిపెట్టాడు, స్టాఫిలే అంటే గ్రీకులో ద్రాక్షగుత్తి. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకి ఇలాంటి ఇన్ఫెక్షనే ముదిరి మొహమంతా చీము పడితే కొత్తగా తయారుచేసిన పెన్సిలిన్ ఇచ్చారు, అద్భుతంగా కోలుకుంటున్నాడు, ఇంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు కూడా, అయినా చాలక మార్చిలో చనిపోయాడు. అప్పుడు చుక్క దొరక్క మనిషి పోయాడు, ఇప్పుడు అదే పెన్సిలిన్‌కి ఈ బాక్టీరియా చాలావరకు లొంగనే లొంగదు.

అన్నిటికంటే నన్ను కుళ్ళబొడిచింది వేరే. మా నాన్నకి షుగర్. చెప్పులో దూరిన చిన్న రాయితోనే రోజంతా పొలంలో తిరిగాడు, సాయంత్రం అమ్మ చూసేదాకా ఆయనకి తెలీదు. నొప్పి లేదుగా అని పదిహేను రోజులు పసుపు అద్దుకుని తిరిగాడు, అది పుండై, ఎముక దాకా పోయి, చివరికి బొటనవేలు తీసేశారు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే పాదానికి నొప్పి తెలీదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్టు రోగుల మీద దశాబ్దాల కిందటే ఈ విషయం తేల్చాడు, వాళ్ళ పాదాలు వాటంతటవి కుళ్ళిపోవట్లేదు, స్పర్శ తెలీక అదే చోట అదే పుండు మీద మళ్ళీ మళ్ళీ నడవడం వల్ల పాడవుతున్నాయి అని. అందుకే అలాంటి పుండుకి ఎంత ఖరీదైన ఆయింట్‌మెంట్ రాసినా ఆ చోట బరువు పడకుండా చూడకపోతే మానదు. నాన్నకి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. నాది సలిపింది కాబట్టి పరిగెత్తాను. ఆయన కట్లు దగ్గరుండి కట్టించిన నేను, నలభై మూడేళ్ళొచ్చినా ఒక్కసారి షుగర్ చూపించుకోలేదు.

ఆఫీసులో ఇదంతా చెప్తుంటే ఒకతను పక్కకి తీసుకెళ్ళి తనకి చంకల్లో ఏళ్ళ తరబడి గడ్డలు వచ్చిపోతున్నాయని, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదని, మూడుసార్లు కోయించుకున్నానని అన్నాడు. చంకల్లో గజ్జల్లో అదే చోట పదే పదే వచ్చి లోపల సొరంగాలు కట్టేవి మామూలు సెగ్గడ్డలు కావు, హైడ్రాడెనైటిస్ అనే వేరే జబ్బు, శుభ్రత లేక వచ్చేది కాదు, ఊరికే కోస్తూ పోతే తగ్గదు. చర్మం డాక్టర్ దగ్గరికి పంపాను, సిగరెట్ మానమన్నారట, అది మాత్రం కుదరదంటున్నాడు.

నాకు ముక్కులో రాసుకోమని ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ అయిదు రోజులకి ఇచ్చారు, ఇంట్లో తువ్వాళ్ళు వేరుచేశాం, మెడ మీద కత్తి పెట్టొద్దని షాపులో చెప్పేశాను. హెచ్‌బీఏ1సీ మొన్న 6.8కి వచ్చింది. అమ్మ ఈ ఏడాది రసాల బుట్ట పంపలేదు, ఫోన్ చేసినప్పుడల్లా మజ్జిగ తాగుతున్నావా అని మాత్రం అడుగుతోంది. ఆవిడకి కూడా ఒకసారి టెస్ట్ చేయించమని తమ్ముడికి రెండు నెలలుగా చెప్తున్నా, నాకేం గడ్డలు లేవుగా అంటోందట.