పోర్ట్ వైన్ రుచి నాకు ఎలా పట్టుబడిందంటే

పోర్ట్ వైన్ అంటే పోర్చుగల్‌లో చేసే తీపి, ఘాటు వైన్. దాన్ని తెలుసుకోవాలనుకునేవాళ్లు సీసా మీది పేర్లు చూసి కంగారుపడక్కర్లేదు. అది ఎక్కువ కాలం పీపాలో ముదిరిందా, సీసాలో ముదిరిందా అన్నది ముందు పట్టుకోండి, మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. నాకు ఈ సంగతి పోర్చుగల్ వెళ్లాక తెలిసింది.

పోర్టో నగరానికి ఎదురుగా, దోరు నది అవతలి ఒడ్డున విలా నోవా ద గాయా ఉంది. పాత వైన్ గోదాములన్నీ అక్కడే. లోపల చీకటి, చల్లదనం, సుమారు 550 లీటర్లు పట్టే పొడవాటి పీపాల వరసలు, తడి చెక్కతో కలిసిన ఎండుద్రాక్ష వాసన. ద్రాక్షరసం పులుస్తుండగానే మధ్యలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి కలిపేస్తారు, దాంతో ఈస్ట్ చచ్చిపోయి చక్కెర మిగిలిపోతుంది. ఆ తీపీ, 20 శాతం దాకా ఉండే ఘాటూ అలా వచ్చినవే.

రుచి చూసేటప్పుడు రూబీ అనే లేత ఎర్ర పోర్ట్, పీపాలో ఏళ్ల తరబడి ముదిరే టానీ అనే రకంలో 20 ఏళ్లది పక్కపక్కన పెట్టించుకున్నాను. అందరికీ నేను చెప్పేది కూడా ఇదే, ఒక్క గ్లాసుతో ఏమీ తేలదు. తెల్ల కాగితం మీద గ్లాసు కాస్త వంచి చూస్తే రూబీ అంచుదాకా చిక్కటి ఎరుపే, టానీ మాత్రం అంచున తేనె రంగులోకి తిరిగింది. ముక్కు గ్లాసులో పెట్టేస్తే ముందు సారాయి ఘాటే కొడుతుంది, కొంచెం దూరంగా పట్టుకుని ఆగాలి. రూబీలో చెర్రీ పళ్ల వాసన వచ్చింది. టానీలో అక్రోటు, ఎండు అంజీర్, ముదురు పాకం, ఆ వెనకాల సన్నగా నారింజ తొక్క. పీపా చెక్కలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గాలి తగలడం వల్ల వచ్చే గుణాలివి. చిన్న గుక్క తీసుకుని నోట్లో ఉంచాను, మింగాక కూడా ఆ రుచి చాలాసేపు పోలేదు. 20 ఏళ్లు అంటే కచ్చితమైన వయసు కాదు, వేర్వేరు ఏళ్ల వైన్లు కలిపి ఆ తీరు తెస్తారు.

వింటేజ్ పోర్ట్ వేరే లోకం. బాగా పండిన ఏడాది ద్రాక్షతోనే చేసి, రెండు మూడేళ్లకే సీసాకెక్కిస్తారు, ఆపైన దశాబ్దాలు సీసాలోనే. లేతగా ఉన్నది తాగితే చిగుళ్లు పట్టేసే వగరు. పాత సీసా ఇంట్లో తెరిచే ముందు ఒక రోజంతా నిలబెట్టి ఉంచాను, తర్వాత సీసా మెడ కింద టార్చ్ పెట్టి గాజు జగ్గులోకి నిదానంగా వంచుతుంటే నల్లటి మడ్డి మెడ దగ్గరికి జారుతూ కనబడింది, అక్కడితో ఆపేశాను. ఇది తెరిచాక రెండు రోజుల్లో అయిపోగొట్టాలి, టానీ అయితే ఫ్రిజ్‌లో వారాలు ఉంటుంది.

వింటేజ్‌కి అక్కడివాళ్లు ఉప్పటి చీజ్ పెడతారు, బాగుంటుంది. కానీ ఇంటి నుంచి వచ్చిన సున్నుండలతో చల్లటి టానీ తాగి చూశాను, వేయించిన మినప్పిండి కమ్మదనం, నెయ్యి ఆ అక్రోటు వాసనతో ఎంత కలిశాయో!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 10 ఏళ్ల టానీ చిన్న సీసా కొనండి, కాస్త చల్లబరిచి చిన్న గ్లాసులో పోసుకోండి. అది నచ్చితే తర్వాత మదైరా చూడండి, వేడిలో ముదిరే వైన్ అది, తెరిచాక నెలలు గడిచినా చెడదు.