మా ఆవిడ మొక్కు

తిరుమల నుంచి మొన్ననే వచ్చాం. మోకాళ్లు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. ఆ కొండ గాలి ఒంటి మీద ఉండగానే రాసేయాలని కూర్చున్నాను.

మా ఆవిడ పోయి ఏడాది దాటింది. ఏడాది లోపు కొండ ఎక్కకూడదంటారు కాబట్టి సంవత్సరీకం అయ్యేదాకా ఆగాం. ఆమె బీరువాలో పట్టుచీరల కింద పసుపు గుడ్డలో కట్టిన ముడుపు దొరికింది. మా అమ్మాయికి ఏడో నెలలోనే కాన్పు వచ్చి, పసివాడిని అద్దాల పెట్టెలో ఉంచినప్పుడు కట్టిన ముడుపు అది. బిడ్డ దక్కితే అలిపిరి నుంచి మెట్లపూజ చేస్తూ కొండెక్కుతానని మొక్కుకుంది. బిడ్డ దక్కాడు. ఆ గుడ్డకు ఏడు ముడులున్నాయి. పుట్టినరోజుకొక బిళ్ల చేర్చి ముడి వేస్తూ వచ్చిందని వాడి వయసు లెక్కేసుకుంటే అర్థమైంది.

మొక్కు సంగతి నాకు తెలుసు. గుర్తు చేసినప్పుడల్లా "నీ మోకాళ్లతో మెట్లేమిటే, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నది నేనే. 46 ఏళ్ల కాపురంలో ఆమె తన కోసమని నోరు తెరిచి అడిగినవి ఎన్నో లేవు.

మనవడిని తీసుకుని అల్లుడు బస్సులో వెళ్లాడు. నేనూ అమ్మాయీ వేకువనే పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని మొదలుపెట్టాం. నేను పసుపు రాయడం, తను కుంకుమ పెట్టడం. 3550 మెట్లు. 1978లో, పెళ్లైన కొత్తలో, ఈ దారినే ఇద్దరం ఎక్కాం. తను పది మెట్లు ముందు వెళ్లి, వెనక్కి తిరిగి నేను కనిపించేదాకా ఆగి, మళ్లీ ఎక్కేది.

జనం గురించి చెప్పకుండా ఉండలేను. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటూ వచ్చేవాళ్లు అప్పుడే పెట్టిన బొట్టును తొక్కుకుంటూ పోతున్నారు. పక్కన అంత జాగా ఉంది కదా బాబూ అంటే వినిపించుకునేవాళ్లు లేరు.

గాలిగోపురం ఇంకా రాకముందే నాకు నడుం పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. అమ్మాయికి టెన్షన్. "చాలు నాన్నా, అమ్మ ఏమీ అనుకోదు" అంటోంది. అక్కడే మెట్టు పక్కన కూర్చుని ఒకావిడ మమ్మల్నే చూస్తోంది. యాభై ఏళ్లుంటాయి. మదనపల్లె దగ్గర పల్లెటూరట. దగ్గరికొచ్చి గిన్నె వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నేను రాయొచ్చునా పెద్దాయనా? మా ఆయన పోయి నాలుగేండ్లాయె" అంది.

నాకు గొంతు పట్టేసింది. మా ఆవిడ పోయినప్పుడు వచ్చినవాళ్లంతా "పుణ్యస్త్రీగా వెళ్లింది, అదృష్టవంతురాలు" అన్నారు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు. పసుపు కుంకుమలతో వెళ్లడం అదృష్టమైతే, అవి లేకుండా బతుకుతున్న ఈ తల్లి చేసిన తప్పేమిటి? "అమ్మా, భర్త పోయినా బొట్టు తీయనన్న తరిగొండ వెంగమాంబ ఉన్న కొండ ఇది. ఈ రోజుకీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఆవిడ పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. నువ్వు రాయి" అన్నాను. ఆవిడ కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. మొదటి మెట్టుకు పసుపు రాసి, కాసేపు అరచేతిని దాని మీదే ఉంచేసింది.

అక్కడి నుంచి పసుపు ఆవిడే రాసింది. కూడా వచ్చినవాళ్లు ముందుకు వెళ్లిపోయినా ఆగిపోయింది. నేను గోవింద నామాలు చెబుతూ గిన్నె పట్టుకుని వెంట నడిచాను. మోకాళ్ల పర్వతం దగ్గర నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించింది. పైకి చేరాక డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆయమ్మ పేరు నా నోట కూడా స్వామికి చెప్తాలే" అని గుంపులో కలిసిపోయింది. ఆవిడ పేరు మాత్రం నేను అడగలేదు. ఆ బాధ ఉండిపోయింది.

దర్శనం క్యూలో ఎన్ని గంటలు కూర్చున్నామో లెక్క లేదు. వెండి వాకిలి దగ్గర ఒకటే తోపులాట. చంటిపిల్లలు ఏడుస్తున్నా తోసేవాళ్లు తోస్తూనే ఉన్నారు. బంగారు వాకిలి దాటాక ఆ రద్దీ నాకు తెలియలేదు. దీపాల వెలుగులో తెల్లటి నామం, దండల కింద ఆ పాదాలు. ఏమేమో అడగాలనుకున్నాను. "తీసుకొచ్చాం స్వామీ" అన్న మాట తప్ప ఏదీ రాలేదు. అంతలో జరగండి జరగండి అంటూ పక్కకు లాగేశారు.

హుండీ దగ్గర ముడుపు నా చేతిలోంచి వదల్లేదు. ఆమె వేసిన ముడులు అవి. వెనక జనం తిడుతున్నారు. మనవడు "తాతయ్యా, నేను వేస్తా" అని నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకున్నాడు. అమ్మాయి వాడిని ఎత్తుకుంది. వాడే వేశాడు.

ఇంటికొచ్చాక లడ్డూలు పంచాలి. ఏ ఇంటికి ఎంత పంపాలో ఆమెకే తెలుసు. కాగితం పొట్లాలు కట్టి పెట్టేది, నేను ఇచ్చి వచ్చేవాణ్ణి. ఎవరెవరికి ఇవ్వాలి నాన్నా అని అమ్మాయి అడిగితే నాకు నాలుగిళ్లే గుర్తొచ్చాయి. అందుకని వీధి మొదట్నుంచి చివరిదాకా ఒక్క గడపా వదలకుండా ఇచ్చి వచ్చాను.