సిద్ధవటం మామ పేస్లిప్పు

సెలవు మీద కడప వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున్నే అమ్మ కారం దోసెలు పోస్తుంటే వాకిట్లో బైకు ఆగింది. సిద్ధవటం మామ. వరస కలుపుకొని పిలవడమే గాని చుట్టరికం ఏమీ లేదు. కువైట్‌లో నేను పనిచేసే కంపెనీలోనే ఆయన పద్నాలుగేళ్లుగా డ్రైవరు. ఆయనా సెలవు మీదే వచ్చాడు. కూర్చోకుండానే ఫోను నా చేతిలో పెట్టాడు.

"అబ్బీ, ఇది నా జీతం కాదు. చూడు."

పైన పేరు ఆయనదే. కింద ఉన్న జీతం, బ్యాంకు ఖాతా, మిగిలిన సెలవులు మాత్రం గోడౌన్‌లో పనిచేసే ఇంకో మనిషివి. దోసె గొంతు దిగలేదు. ఆ పేస్లిప్పు అప్లికేషన్‌కు లాగిన్ మార్చింది నేనే.

మా కంపెనీలో సెలవుకు ఒక వెబ్‌సైటు, పేస్లిప్పుకు ఒకటి, హాజరుకు ఒకటి, సామాన్ల లెక్కకు ఒకటి ఉండేవి. అన్నిటికీ వేరువేరు పాస్‌వర్డులు. డ్రైవర్లు, గోడౌన్ వాళ్లు వాటిని అట్టముక్కల మీద రాసుకొని పర్సులో పెట్టుకునేవాళ్లు. మర్చిపోతే ఆఫీసుకు వచ్చి గంటలు నిలబడాలి. అందుకే సింగిల్ సైన్ ఆన్ పెడదామన్నారు. ఒక్కసారి లాగిన్ అయితే చాలు, అన్నీ తెరుచుకోవాలి. పేస్లిప్పు అప్లికేషన్‌ను దానికి కలిపే పని నాకు వచ్చింది. ఆ మాట విన్నప్పుడు నిజంగా సంతోషించాను. మనవాళ్లకు పనికొచ్చే పని ఇది.

అది నడిచే తీరు ఇదీ. మా అప్లికేషన్ ఇక పాస్‌వర్డు అడగదు. వచ్చిన మనిషిని కంపెనీ లాగిన్ సర్వర్ దగ్గరికి పంపుతుంది. పాస్‌వర్డు అక్కడే చూసి, సరిపోతే ఒక కోడ్ ఇచ్చి వెనక్కి పంపుతారు. మా సర్వర్ ఆ కోడ్ తీసుకెళ్లి ఐడీ టోకెన్, అంటే వచ్చిన మనిషి ఎవరో చెప్పే చీటీ లాంటిది, తెచ్చుకుంటుంది. దాని మీద సంతకం సరైనదేనా, ఇచ్చింది ఎవరు, మన కోసమే ఇచ్చారా, గడువు ఉందా, మనం పంపిన నాన్స్, అంటే ఒక్కసారికే వాడే గుర్తు, తిరిగి వచ్చిందా అని చూసుకోవాలి. ఈ పద్ధతి పేరు ఓపెన్ ఐడీ కనెక్ట్, 2014లో ఖరారైంది. దాని అడుగున ఉన్న ఓఆథ్ 2.0 రెండేళ్లు ముందుది. అది అనుమతి ఇవ్వడానికి పుట్టింది, మనిషి ఎవరో చెప్పడానికి కాదు.

ఇంతవరకు జాగ్రత్తగానే చేశాను. మనిషిని వెనక్కి పంపాల్సిన రీడైరెక్ట్ అడ్రసు చివర ఒక గీత ఎక్కువ ఉన్నందుకు సర్వర్ తిప్పికొడుతుంటే, అది కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. తక్కువగా చూసింది దాని తర్వాతి అడుగుని. లాగిన్ సర్వర్ చెప్పిన ఈ మనిషి, మా డేటాబేసులో ఏళ్లుగా ఉన్న మనుషుల్లో ఎవరు?

నేను ఈమెయిల్ చూసి కలిపాను. ఆఫీసు వాళ్లకు సరిపోయింది. డ్రైవర్లకు, గోడౌన్ వాళ్లకు కంపెనీ ఈమెయిల్ లేదు కాబట్టి వాళ్లను పేరు చూసి కలిపాను. కడపలో పుట్టి పెరిగిన నేను ఆ పని చేసి ఉండకూడదు.

మా వైపు ఇంటి దేవుడి పేరో జేజినాయన పేరో పెడతారు. సుబ్బరాయుడు, ఓబులేసు, మస్తాన్ అని పిలిస్తే వీధిలో ముగ్గురు పలుకుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి అసలు ఉండదు. కువైట్ చేరాక ఆ పేరును అరబీలో రాస్తారు. అరబీలో 'ప' లేదు. రెడ్డెప్ప రెడ్డెబ్బ అవుతాడు, పుల్లన్న బుల్లన్న అవుతాడు. దాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి దించితే ఇంకో పేరు తయారవుతుంది. ఊరి పేరు కూడా అంతే. ఇంగ్లిషులో కడప స్పెల్లింగ్ 2005లో మారింది. మామ పాత పాస్‌పోర్టులో తెల్లదొరల నాటి కడప, కొత్తదాంట్లో మన కడప. ఇన్నిసార్లు ఇన్ని చేతుల్లో మారిన పేరును పట్టుకొని ఒకరి జీతం ఇంకొకరికి చూపించాను.

ముందు మేనేజరుకు ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి, పేస్లిప్పు పేజీ ఆపించాను. గోడౌన్ మనిషికి కూడా ఫోన్ చేసి, ఆయన జీతం వేరేవాళ్లకు కనిపించిందని నేనే చెప్పాను. ఎవరు ఏం తెరిచారో సర్వర్ రాసుకునే లాగ్‌లు వెతికితే ఇలా కలిసిపోయినవాళ్లు పదకొండు మంది తేలారు. అందరూ కిందిస్థాయి పనివాళ్లే. ఆఫీసులో కుర్చీ ఉన్న ఒక్కరికీ ఇబ్బంది కాలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది.

ఓపెన్ ఐడీ కనెక్ట్ ప్రమాణంలోనే దారి రాసి ఉంది. టోకెన్‌లో 'సబ్' అని ఒక గుర్తు వస్తుంది. ఒకరికి ఇచ్చినదాన్ని ఇంకొకరికి ఎప్పటికీ ఇవ్వకూడదు. ఇచ్చిన సర్వర్ పేరు, ఆ గుర్తు, ఈ రెండూ కలిపే మనిషిని పోల్చుకోవాలి. ఈమెయిల్, ఫోను, పేరు లాంటివి మారిపోతాయి. అయితే మొట్టమొదటిసారి ఆ గుర్తును పాత రికార్డుకు కలపడానికి ఏదో ఒక ఆధారం కావాలి. రెండు పక్కలా ఉన్నది కువైట్ ప్రభుత్వం ఇచ్చే సివిల్ ఐడీ నంబరు, మనవాళ్లు బతాకా అనేది. దాన్ని చూసి ఒక్కసారి కలిపి, 'సబ్' రాసిపెట్టుకుంటే తర్వాత బతాకాతో కూడా పని లేదు.

మామ పర్సులోంచి బతాకా తీసి ఇచ్చాడు. 12 అంకెలు. మొదటి అంకె శతాబ్దం, తర్వాతి ఆరు పుట్టిన తేదీ. మామది జులై 1.

"అది బళ్లో అయ్యవారు రాసింది అబ్బీ. మా అమ్మకు వానలప్పుడు పుట్టినానని తప్ప ఏం గుర్తులేదు."

తేదీ నిజం కాకపోవచ్చు. కానీ ఆ నంబరు మారదు, ఇంకెవరికీ లేదు. నాకు కావలసింది అదే.

మేడ మీద గదిలో కూర్చొని మూడు రోజులు పని చేశాను. ఆదివారం మామ మళ్లీ వచ్చాడు. నా లాప్‌టాప్‌లో లాగిన్ అయితే ఆయన జీతమే వచ్చింది. పైసాతో సహా సరిచూసుకొని లాగౌట్ నొక్కాడు. ఆ తర్వాత నేను ఊరికే లాగిన్ బటన్ నొక్కాను. పాస్‌వర్డు అడగకుండా మామ పేస్లిప్పు మళ్లీ తెరుచుకుంది.

"క్యాంపు ఆఫీసులో అందరికీ ఒకటే కంప్యూటర్ కదా అబ్బీ," అన్నాడు మామ.

మా అప్లికేషన్ తన సెషన్‌ను మాత్రమే మూసింది. లాగిన్ సర్వర్ దగ్గర మామ ఇంకా లోపలే ఉన్నాడు. తర్వాత వచ్చినవాడు బటన్ నొక్కితే మామగా లోపలికి వెళ్తాడు. ఇది నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. లాగౌట్ నొక్కినప్పుడు లాగిన్ సర్వర్‌కు కూడా పంపి అక్కడా మూయించాలి. దానికి పద్ధతి ఉంది, నేను పెట్టలేదు. మామను కూర్చోబెట్టుకొనే మధ్యాహ్నానికి పెట్టాను.

మళ్లీ లాగౌట్ అయి, మళ్లీ బటన్ నొక్కాం. ఈసారి ఖాళీ పెట్టె వచ్చి పాస్‌వర్డు అడిగింది. సంగటి కలిపినా, తిని పోదువు రా అని అమ్మ కింది నుంచి పిలిచింది. మామ లేవలేదు.

"ఇంకొకసారి నొక్కు," అన్నాడు.